ప్రభువును చూచుటకు ఏ పరిశుద్ధత కావలెను?
(“హగియస్మోస్” అను గ్రీకు మాటపై పాఠము)

పాఠ్యభాగము: హెబ్రీ 12:4–14
కూడ చదువవలసినవి: రోమా 6:15–23, 1 థెస్స. 4:1–8, హెబ్రీ 10:10–14

నా పరిచర్యయొక్క తొలి దినములలో హెబ్రీ 12:14ను ఆధారము చేసికొని నేనొక ప్రసంగము చేసితిని. పరిశుద్ధత లేనివాడు ప్రభువును చూడజాలడని ఆ వచనము చెప్పుచున్నది గదా! మచ్చలేని జీవితము గలవారికే ఆ దర్శనమని నేను గట్టిగా నొక్కి చెప్పితిని. తరువాతి నెలలో ఒక వృద్ధ సహోదరి ప్రభువు బల్లయొద్దకు రాలేదు. నేను ఆమె యింటికి వెళ్లగా, “అయ్యగారూ, కోడలిమీద ఇంకా నోరు జారుతూనే ఉన్నానండి. నాకు ఆ పరిశుద్ధత లేదు. ఇక నేను ప్రభువును చూడనేమోనండి” అని యేడ్చెను. ఆనాడు నేనేమో ఆదరణ మాటలు చెప్పితిని గాని, ఆమె ప్రశ్నకు వాక్యమునుండి ఉత్తరమియ్యలేకపోతిని. ఆమె మరల బల్లయొద్దకు రాకమునుపే ప్రభువు ఆమెను పిలుచుకొనెను. ఆనాడు ఆమెకు చెప్పవలసియుండినది నేడు ఈ పాఠములో చెప్పుచున్నాను.

1. మాటయొక్క మూలము

గ్రీకువారు తమ దేవాలయములను, వాటికి సంబంధించిన వస్తువులను సాధారణముగా “హియెరోస్” అను మాటతో పిలిచెడివారు. అయితే హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి తర్జుమా చేసిన యూదులు “కాదోష్” అను హెబ్రీ మాటకు ప్రధానముగా “హగియోస్” అను మాటను ఏర్పరచుకొనిరి. ఈ మాటకు మొదటి భావము దేవునికొరకు ప్రత్యేకింపబడినది అనియే.

లేఖనములలో దేవుడు మొదట పరిశుద్ధపరచినది మనుష్యుని గాదు, ఏడవ దినమును (ఆది. 2:3). దినమునకు సద్గుణములుండవు గదా! దేవుడు దానిని తనదిగా వేరుపరచెను గనుకనే అది పరిశుద్ధమాయెను.

కోతకాలమున మన రైతు మేలైన వడ్లను విత్తనములకని వేరుగా పెట్టును. ఇంట గింజ కరవైనను వాటిని దంచనియ్యడు. వేరుపరచిన ఆ వడ్లనే మరల చెరిగి, తాలు తీసి, ఎండబెట్టును. తాలు పోయినందువలన అవి విత్తనములు కాలేదు. విత్తనములుగా ఏర్పరచబడినందువలననే వాటి తాలు తీయబడుచున్నది. ఈ క్రమమును మరువకుడి.

2. రెండు మాటలు, ఒక తెలుగు మాట

హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో నాలుగు వచనముల యెడములోనే రెండు వేర్వేరు గ్రీకు మాటలున్నవి. 10వ వచనములో “హగియోతేస్”, 14వ వచనములో “హగియస్మోస్”. మన వాడుక తెలుగు బైబిలులో రెండింటికిని “పరిశుద్ధత” అనియే యున్నందున ఈ భేదము చదువరికి కనబడదు.

మొదటిది దేవుని స్వంత పరిశుద్ధత. తండ్రి మనలను శిక్షించుట మనము దానిలో పాలుపొందుటకే. రెండవది “మోస్” అను అంత్యము గలది. ఈ అంత్యము గల గ్రీకు నామవాచకములు తరచుగా జరుగుచున్న క్రియను సూచించును. “కథరిస్మోస్” అనగా శుద్ధిచేయుట (లూకా 5:14). అట్లే “హగియస్మోస్” అనగా పరిశుద్ధపరచుట, పరిశుద్ధపరచబడుట. కొన్నిచోట్ల ఆ క్రియయొక్క ఫలితమైన స్థితికూడ దానిలో చేరియుండవచ్చును. అంత్యముమీదనే సిద్ధాంతము కట్టరాదు. అయితే సందర్భము ఇచ్చట సాక్ష్యమిచ్చుచున్నది. ఆజ్ఞ “వెంటాడుచుండుడి” అను భావము గల క్రియ. ఇదివరకే చేతనున్నదానిని ఎవడును వెంటాడడు.

3. క్రొత్త నిబంధనలో ఈ మాట

“హగియస్మోస్” క్రొత్త నిబంధనలో పదిసార్లు వచ్చుచున్నది. వానిలో మూడింటిని విచారింతము.

(అ) అది క్రీస్తే. దేవుడు ఆయనను మనకు పరిశుద్ధతగా చేసెనని పౌలు చెప్పుచున్నాడు (1 కొరింథీ. 1:30). కక్షలతోను కలహములతోను నిండిన కొరింథు సంఘమునకే ఈ మాట వ్రాయబడెను.

(ఆ) అది ఆత్మ చేయు కార్యము (2 థెస్స. 2:13, 1 పేతురు 1:2). ఇచ్చట మనము పనివారము గాము, ఆయన చేతిలోని పనియైయున్నాము.

(ఇ) అది శరీరమందు కనబడవలసినది. 1 థెస్స. 4:3–7లో ఈ మాట మూడుసార్లు వచ్చుచున్నది. అక్కడి సంగతులు జారత్వమునకు దూరముగా నుండుటయు, సహోదరుని మోసగింపకుండుటయు. కాబట్టి నెమ్మదిగా జరుగు క్రియ గదా అని పాపముతో రాజీపడువానికి ఈ మాటలో చోటు లేదు. పరుగు ముగియకుండుట వేరు, పరుగు మానుట వేరు.

4. ఆ సహోదరికి ఉత్తరము

హెబ్రీ 10:10లో మనము క్రీస్తు శరీరార్పణవలన పరిశుద్ధపరచబడియున్నామని చెప్పబడెను. అది ముగిసిన కార్యము. 10:14లో అదే క్రియ వర్తమాన రూపములో, పరిశుద్ధపరచబడుచున్నవారిని గూర్చి చెప్పబడెను. ఆయన ఒక్క అర్పణచేత సదాకాలమునకు సంపూర్ణులుగా చేసినది వీరినే! వేరుపరచుట ముగిసెను, తాలు తీయుట జరుగుచున్నది.

ఆ తల్లి తన నోటి పాపమునుగూర్చి యేడ్చుట ఆమెకు హగియస్మోస్ లేదనుటకు గురుతు కాదు. ఆత్మ ఆమెలో పనిచేయుచుండెననుటకే గురుతు. ఆమె చేయవలసినది బల్లకు దూరమగుట కాదు. కోడలియొద్దకు వెళ్లి సమాధానపడి, బల్లయొద్దకు వచ్చుట. అదే వచనములో సమాధానమును పరిశుద్ధతయు జతగా చెప్పబడుట గమనించుడి.

ప్రియ చదువరీ, నీవు భయపడవలసినది ఇంకను గమ్యము చేరలేదని కాదు, వెంటాడుట మానితివేమో అనియే.

ఆలోచించుటకు ప్రశ్నలు
1. దేవుడు నా జీవితములో ఇప్పుడు తీయుచున్న “తాలు” ఏది?
2. నేను సమాధానపడవలసినవారు ఎవరు?

ప్రార్థన: ప్రభువా, నీవు వేరుపరచుకొనిన నన్ను విడువక, నీ పనిని నాలో కొనసాగించుము. నీ ముఖమును చూచు దినమువరకు నన్ను నడిపించుము. ఆమేన్.