తిరుత్తణి సరిహద్దు వివాదము – దాని పుట్టుక

విద్యార్థులారా! 1960 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమునందలి చిత్తూరు జిల్లాలో నుండెను. ఆనాడది మదరాసు రాష్ట్రమున చేరినది. మనకు ఉత్తరముననున్న సత్యవేడు ప్రాంతము అదే దినమున చెంగల్పట్టు జిల్లానుండి విడివడి ఆంధ్రమునకు పోయినది. ఇరుగుపొరుగు భాషలకు ఇట్టి పేచీ ఎట్లు పుట్టినది?

పూర్వము తిరుత్తణి కార్వేటినగరపు జమీందారీలోనిది. ఆ సంస్థానమున సారంగపాణి తెలుగు పదములు రచించెను. తిరుత్తణి కొండపై వెలసిన స్వామిని అరుణగిరినాథుడు తమిళమున కీర్తించెను. ఒకరి భాష నొకరు సంతలో నేర్చుకొనిరి. రైతు శిస్తు చెల్లించునపుడు నీ భాష యేదని అడిగినవారు లేరు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడుటతో ఆ ప్రశ్న ముఖ్యమైనది. మనవారు మదరాసు మనదే యనిరి. తమిళులు, తొల్కాప్పియపు పీఠికలో తమ నాటికి ఉత్తరపుటెల్ల వేంకటమని యున్నదనిరి. మ. పొ. శివజ్ఞానము, మంగళంకిళారు ఉత్తరపుటెల్లకై ఉద్యమము నడిపిరి. ఇరువురును ప్రాచీనతనే చూపిరి గాని, అసలు తగవు కచేరీ, బడి, ఉద్యోగము ఏ భాషలో నుండవలెనను దానిపై వచ్చినదని నా తలంపు. తుదకు హెచ్. వి. పటాస్కరు గ్రామమును ప్రమాణముగా గొని, ప్రజల భాషను, గ్రామముల పొందికను చూచి తీర్పు చెప్పెను. 1959లో పార్లమెంటు దానిని చట్టము చేసెను. గీత యెచ్చట గీచినను రెండువైపులను రెండు భాషలవారు మిగులుదురు గదా! మన మట్లు మిగిలినవారమే.

ఐరోపాలో జర్మనులకు, స్లొవీనులకు నడుమ జరిగినదియు ఇట్టిదే. ఆస్ట్రియా సామ్రాజ్యమున కచేరీలును పెద్దబడులును జర్మనువి. స్లొవీను చాలవరకు పల్లెభాష. 1848 విప్లవకాలమున స్లొవీనులు తమ భాషకు బడిలోను, న్యాయస్థానములోను చోటు కోరిరి. 1895లో చెల్యె పట్టణపు ఉన్నత పాఠశాలలో స్లొవీను తరగతులు పెట్టవలెనను వివాదముచే వియన్నాలోని మంత్రివర్గమే కూలిపోయినది! ఒక బడి తరగతుల కింత గొడవయా యని నవ్వకుడు. తెలుగు తరగతి నిలుచునా యని కలతపడిన తల్లిదండ్రులకు ఇది వింత గాదు.

అచ్చటి జనాభా లెక్కలలో 1880 నుండి మాతృభాషను గాక నిత్యవ్యవహారపు భాషను అడిగిరి. జర్మను యజమాని యింట పనిచేయు స్లొవీను యువతి జర్మనుగా లెక్కకు వచ్చుట కందు వీలుండెను. అందుచే ప్రతి లెక్కయు కలహకారణమైనది.

మన దేశపు లెక్కలలో అడుగునది మాతృభాష, అనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటలాడిన భాష. తెలిసిన ఇతర భాషలకు వేరుగా చోటు కలదు. లెక్కవ్రాయువారు మీ యింటికి వచ్చినపుడు తెలుగును మొదటిచోటను, తమిళమును రెండవచోటను వ్రాయించుటకు ఏ అడ్డంకియు లేదు.