ముందు రాసే చేతిని వెతకండి

రాత్రి ఒంటిగంట. పాత సర్వర్‌లోని సెంటాస్ 7 తీసేసి డెబియన్ 12 వేశాం. పోస్ట్‌ఫిక్స్ లేచింది. లాగ్ చూద్దామంటే ‘మెయిల్‌లాగ్’ ఫైలు లేదు. డెబియన్‌లో దాని పేరు ‘మెయిల్ డాట్ లాగ్’ కదా అని వెతికితే అదీ లేదు. పక్కనున్న కుర్రాడు కంగారుపడిపోయి కీబోర్డు అందుకున్నాడు. "అన్నా, పోస్ట్‌ఫిక్స్ తీసేసి మళ్లీ వేసేస్తా."

"ఆగు తమ్ముడూ" అన్నాను. మన పనిలో మొదట నేర్చుకోవాల్సింది ఆ ఆగడమే. కంగారులో చేసిన రెండో మార్పు మొదటి మార్పు జాడల్ని చెరిపేస్తుంది. ఆ తర్వాత ఏది ఎందుకు పోయిందో ఎవరికీ అంతుపట్టదు.

పని ఆగిందా, రాత ఆగిందా? ముందు అది తేల్చుకోండి. అతని ఫోన్‌కే ఒక మెయిల్ పంపించాను. మరుక్షణం మోగింది. క్యూ ఖాళీ. అంటే పని నిక్షేపంగా నడుస్తోంది, రాత ఒక్కటే కనపడటం లేదు. సగం భయం అక్కడే తీరిపోయింది.

ఇక, ఆ ఫైలు రాసేది ఎవరు? చాలామంది పోస్ట్‌ఫిక్సే రాస్తుందనుకుంటారు. కాదు. అది మామూలుగా తన కబుర్లను సిస్‌లాగ్‌కు అప్పగిస్తుంది, ఫైలులో రాసేది ఆర్‌సిస్‌లాగ్. 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ తయారుచేసినప్పటి నుంచీ మెయిల్ చేరవేసేది ఒకరు, చిట్టా రాసేది ఇంకొకరు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఆర్‌సిస్‌లాగ్ దానంతటది ఇన్‌స్టాల్ కాదు. కబుర్లన్నీ సిస్టమ్‌డీ జర్నల్‌కు చేరుతున్నాయి.

కుర్రాడు జర్నల్‌సీటీఎల్‌లో పోస్ట్‌ఫిక్స్ అని అడిగాడు. మొదలైంది అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు. మొహం వాడిపోయింది. అసలు యూనిట్ పేరులో పోస్ట్‌ఫిక్స్ పక్కన ఎట్ గుర్తు, ఒక హైఫన్ ఉంటాయి. అలా అడగ్గానే తెర నిండిపోయింది: క్యూ ఐడీ, ఎవరికి, ఏ రిలే ద్వారా, ఎంత ఆలస్యం, చివర ‘స్టేటస్ సెంట్’. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

మనుషుల విషయంలోనూ ఇంతే. కొత్త ఉద్యోగంలో చేరి, నా పనిని ఎవరూ గమనించడం లేదని కుంగిపోయేవాళ్లను చూస్తుంటాను. పాత మేనేజర్ సాయంత్రం భుజం తట్టి చెప్పేవాడు, కొత్తాయన టికెట్‌లో రెండు ముక్కలు రాసి వదిలేస్తాడు. ఆ టికెట్లు తెరిచి చూడకుండా రాజీనామా రాయకండి.

అయితే దొరికిందని లేచిపోకూడదు. పాత ఫైలును చదివేవాళ్లు ఇంకెవరున్నారో చూడాలి. మా దగ్గర ఫెయిల్‌టూబ్యాన్ దాన్నే నమ్ముకుని ఉంది. పాస్‌వర్డులు ఊహించి దూరేవాళ్లను ఆపేది అదే! రీబూట్ అయ్యాక కూడా జర్నల్ నిలుస్తుందా? వార్ లాగ్ కింద జర్నల్ డైరెక్టరీ లేకపోతే, మామూలు సెట్టింగ్‌లో ఆ రాతలన్నీ మెమరీలోనే ఉండి, రీబూట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. ఈసారి ఆ రెండూ కాగితం మీద రాసుకున్నది ఆ కుర్రాడే.

తర్వాత ఆర్‌సిస్‌లాగ్ ఇన్‌స్టాల్ చేసి, లాగర్ కమాండ్‌తో మెయిల్ విభాగానికి ఒక పరీక్ష లైను పంపాడు. మెయిల్ డాట్ లాగ్ పుట్టింది. అందులో మొదటి లైను అతనిదే.