రైలు కొండ ఎలా ఎక్కుతుంది?

మార్కాపురం రోడ్డులో నంద్యాల రైలెక్కితే గిద్దలూరు, దిగువమెట్ట దాటాక బండి నల్లమలలో వంపులు తిరుగుతుంది. తిన్నగా ఎందుకు పోదు?

ఉక్కుపట్టా మీద ఉక్కుచక్రానికి ఘర్షణ తక్కువ. అందుకే కొద్ది శక్తితో ఎంతో బరువు లాగవచ్చు. కాని వాలు ఎక్కువైతే ఆ చక్రమే జారుతుంది. తడి పట్టాలపై జారకుండా ఇంజను చక్రాల ముందు ఇసుక వదులుతారు. చుట్టు తిరిగితే దారి పెరిగి, వాలు తగ్గుతుంది. అడ్డొచ్చిన కొండకు బొగడ సొరంగం తవ్వారు.

స్విట్జర్లాండులో 1889లో మొదలైన పిలాటస్ రైలుదారిలో కొన్నిచోట్ల అడ్డంగా 100 మీటర్లకు 48 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అక్కడ ఘర్షణ చాలదు. పట్టాల నడుమ పళ్ళకమ్మీ ఉంటుంది. బండి పళ్ళచక్రాలు దాన్ని పట్టుకొని ఎక్కుతాయి.

పలకపై రూపాయిబిళ్ళ పెట్టి ఒకవైపు మెల్లగా ఎత్తండి. ఏ వాలులో జారింది? పలక తడిపి మళ్ళీ చూడండి.