డీఎన్‌డీ పెట్టినా స్పామ్ కాల్స్ ఎందుకు వస్తున్నాయి? 1909కి కంప్లైంట్ ఇలా ఇవ్వండి

"సార్, అమరావతి దగ్గర ప్లాట్లు ఉన్నాయి, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" విజయవాడ చుట్టుపక్కల ఫోన్ వాడేవాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. 1909కి 'స్టార్ట్ 0' అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పెట్టి డీఎన్‌డీ వేసుకున్నవాళ్లకి కూడా ఈ కాల్స్ వస్తూనే ఉన్నాయి. కారణం ఏంటంటే, డీఎన్‌డీ ఆపేది రిజిస్టర్ చేసుకున్న టెలిమార్కెటర్లని. వాళ్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలి. మీకు ప్లాట్ అమ్మే కుర్రాడు మాత్రం మామూలు పది అంకెల సిమ్ నుంచి చేస్తున్నాడు. అతని నంబర్ ఆ లిస్టులోనే ఉండదు, ఇక డీఎన్‌డీ ఎలా ఆపుతుంది?

ఐఫోన్‌లో 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' ఆన్ చేసేయమని చాలామంది చెప్తారు. మన దగ్గర ఈ సలహా అందరికీ పనికిరాదు. కైకలూరు చెరువు రైతుకి చేపలు కొనే పార్టీ కొత్త నంబర్ నుంచే చేయొచ్చు. కోతల టైంలో పామర్రులో మెషిన్ డ్రైవర్ కాల్ మిస్సయితే బండి పక్క పొలానికి వెళ్లిపోతుంది. అలాంటివాళ్లు ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'కాలర్ ఐడీ అండ్ స్పామ్' వరకు ఆన్ చేసుకుంటే చాలు. అనుమానం ఉన్న నంబర్ అయితే స్క్రీన్ మీదే తెలుస్తుంది, ఎత్తాలా వద్దా అన్నది మీ ఇష్టం.

పది అంకెల నంబర్ల మీద నిజంగా పనిచేసేది కంప్లైంటే. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ రూల్స్ మార్చింది. ఇప్పుడు డీఎన్‌డీ పెట్టుకోకపోయినా ఇలాంటి నంబర్ల మీద కంప్లైంట్ ఇవ్వొచ్చు. గడువు మూడు రోజుల నుంచి ఏడు రోజులకి పెరిగింది. ఇంతకుముందు ఒక నంబర్ మీద ఏడు రోజుల్లో 10 కంప్లైంట్లు వస్తేనే చర్య ఉండేది, ఇప్పుడు పది రోజుల్లో 5 చాలు. ఆపరేటర్ చర్య తీసుకోవడానికి ఉన్న 30 రోజుల టైం 5 రోజులకి తగ్గింది. మొదటిసారి దొరికితే ఆ పార్టీకున్న అన్ని నంబర్ల నుంచి 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే ఏడాది పాటు అన్ని నెట్‌వర్క్‌లలో కనెక్షన్లు కట్.

కాల్ దేని గురించో ఒక్క ముక్క, కామా, వాళ్ల నంబర్, కామా, తేదీ. ఇదంతా ఒకే మెసేజ్‌గా 1909కి పంపండి. టైప్ చేయడం బద్ధకమైతే ట్రాయ్ డీఎన్‌డీ యాప్ ఉంది, కాల్ లిస్టులోంచి నంబర్ ఎంచుకుంటే సరిపోతుంది. ఒక్కరు ఇస్తే సరిపోదు కాబట్టి, అదే నంబర్ నుంచి మీ అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికి కాల్ వచ్చిందో వాట్సాప్ గ్రూపులో అడగండి. బ్లాక్ చేసి ఊరుకుంటే మీ ఒక్క ఫోన్‌కే ఉపశమనం, అతను పక్కింటికి చేస్తాడు.

కేవైసీ అయిపోయిందనో, పోలీసులమనో బెదిరిస్తే అది మార్కెటింగ్ కాదు, మోసం. వాటిని సంచార్ సాథీలోని 'చక్షు'లో రిపోర్ట్ చేయాలి. డబ్బు పోతే మాత్రం ముందు 1930కి ఫోన్ చేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.