పగారు లెక్కకు కంప్యూటర్ పట్టిక: తెలుసుకోవలసిన మెళకువలు

భివండీ మరమగ్గాల కార్ఖానాలలో ఖాతా పుస్తకం ఉండే చోట నేడు తరచుగా కంప్యూటర్ కనిపిస్తుంది. ఎక్సెల్‌లోనో, ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ కాల్క్‌లోనో లెక్కలు రాస్తున్నారు. పద్మనగర్, కామత్‌ఘర్ ప్రాంతాల తెలుగు యువతీయువకులకు ఈ పని ఉపాధి మార్గం కూడా. సాంచా నడిపేవారికి నేసిన మీటర్లను బట్టి పగారు లభిస్తుంది. కనుక పట్టికలో ఒక్క గడి తప్పితే ఆ భారం నేరుగా ఒక ఇంటి పొయ్యి మీద పడుతుంది. వేగంగా పని చేయడమూ, తప్పు దొర్లకుండా చేయడమూ ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందులోని ధరలు కేవలం ఉదాహరణలు. సూత్రాలను ఇక్కడ తెలుగు లిపిలో చూపుతున్నాం. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి.

1. అంకెలు రెండు రకాలు

మీటర్లు, రూపాయలు లెక్కించే అంకెలు. బ్యాంకు ఖాతా సంఖ్య, ఫోను సంఖ్య గుర్తించే అంకెలు. ఈ రెండింటినీ కంప్యూటర్ వేర్వేరుగా చూస్తుంది.

మీటర్ల గడిలో అంకె మాత్రమే రాయాలి. నాలుగు రోజుల నేతను 48, 52, 50, “45 మీ.” అని రాశారనుకోండి. చివరిది కంప్యూటర్‌కు అంకె కాదు, అక్షరాల వరుస. కూడికలో దానిని వదిలివేసి 195కు బదులు 150 చూపుతుంది. ఏ హెచ్చరికా ఇవ్వదు. మీటరుకు రూ.2.50 చొప్పున ఆ కార్మికునికి రూ.112.50 నష్టం. “మీటర్లు” అనే మాట శీర్షికలో ఒక్కసారి ఉంటే చాలు.

ఖాతా సంఖ్యకు ఇందుకు విరుద్ధమైన జాగ్రత్త కావాలి. ఈ పట్టికలు అంకెలను 15 స్థానాల వరకే ఖచ్చితంగా నిలుపుకుంటాయి. 16 అంకెల ఖాతా సంఖ్యను మామూలుగా టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. మొదట సున్నా ఉంటే అది మాయమవుతుంది. అందువల్ల ముందుగా ఒంటి కొటేషన్ గుర్తు పెట్టి, ఆ తరువాత సంఖ్యను టైపు చేయాలి.

2. తప్పును పట్టే పద్ధతి

మామూలు అమరికలో అంకెలు గడికి కుడివైపున, అక్షరాలు ఎడమవైపున నిలుస్తాయి. మీటర్ల నిలువు వరుసలో ఏదైనా ఎడమకు జరిగి ఉంటే అనుమానించాలి. ‘కౌంట్’ సూత్రం అంకెలున్న గడులనే లెక్కిస్తుంది; ‘కౌంట్ఎ’ నిండిన గడులన్నింటినీ లెక్కిస్తుంది. శీర్షికను మినహాయించి రెండింటినీ వేసి చూడండి. జవాబులు వేరైతే ఎక్కడో ఒక అంకె అక్షరంగా మారిందని అర్థం.

3. పేరుకు బదులు సంఖ్య

మన వారు ఇంటిపేరును ముందు రాస్తారు. మరాఠీ పద్ధతిలో అది చివర వస్తుంది. ఒకే మనిషి పేరు మూడు తీరులుగా నమోదైతే కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు. కనుక ప్రతి కార్మికునికీ ఒక సంఖ్య కేటాయించండి. బి వరుసలో కార్మికుని సంఖ్య, ఎఫ్ వరుసలో రూపాయలు ఉంటే, 7వ సంఖ్య గల వారి మొత్తం ఇలా వస్తుంది: =సమ్ఇఫ్(బి2:బి200,7,ఎఫ్2:ఎఫ్200).

4. ధర ప్రతి వరుసలోనూ ఉండాలి

ధరను ఒకే గడిలో ఉంచి లెక్కలన్నీ దానికి ముడిపెడితే, ధర మారిన రోజున గడచిన రోజుల లెక్క కూడా మారిపోతుంది. డి వరుసలో మీటర్లు, ఇ వరుసలో ఆనాటి ధర రాసి, ఎఫ్ వరుసలో =డి2*ఇ2 అని వేయండి. “45 మీ.” వంటి పొరపాటు ఉంటే ఇక్కడ గుణకారం జరగక, దోష సంకేతం వెంటనే కనబడుతుంది.

5. చేతివేగం

• కంట్రోల్ + సెమికోలన్: నేటి తేదీ.
• కంట్రోల్ + డి: ఎంచుకున్న గడులలో పై గడిలోని సూత్రం కిందికి దిగుతుంది.
• కంట్రోల్ + కింది బాణం: నిండిన గడుల చివరకు చేరుస్తుంది.
• కంట్రోల్ + జెడ్: చేసిన పనిని వెనక్కి తీసుకుంటుంది.
• కంట్రోల్ + ఎస్: భద్రపరుస్తుంది. కరెంటు చెప్పి పోదు కనుక పది వరుసలకు ఒకసారి నొక్కండి.

తేదీల విషయంలో ఒక జాగ్రత్త: కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 03/04 అంటే ఏప్రిల్ 3 కాదు, మార్చి 4. ప్రాంతం అమరికలో భారతదేశాన్ని ఎంచుకోవాలి.

6. తెలుగులో టైపు చేయడం

పాత డీటీపీ ఫాంట్లలో రాసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంకాని గుర్తులుగా మారుతుంది. యూనికోడ్‌లో రాస్తే ఫోనులోనూ సరిగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ భాషలన్నింటికీ అక్షరాల స్థానాలు ప్రధానంగా ఒక్కటే. బడిలో మరాఠీ టైపు నేర్చిన పిల్లలు మరాఠీ ‘క’ ఉన్న మీటనే నొక్కి తెలుగు ‘క’ రాయగలరు. విండోస్ 10లోనూ, ఆ తరువాతి వాటిలోనూ విండోస్ మీట + స్పేస్ నొక్కితే అమర్చుకున్న భాషలు మారుతాయి.

7. లెక్క చూపించడం

పగారుకు ముందు ఎవరి లెక్క వారికి పీడీఎఫ్‌గా చేసి పంపండి. చేయి తగిలి అంకె మారే ప్రమాదం తప్పుతుంది. అందరి ఖాతా సంఖ్యలూ ఉన్న పట్టికను వాట్సాప్ బృందంలో పెట్టరాదు. కార్మికులు కూడా రోజువారీ మీటర్లను చిన్న పుస్తకంలో రాసుకొని సరిచూసుకోవాలి. రెండు లెక్కలు కలిసినప్పుడు మాట పట్టింపులకు తావుండదు.

అభ్యాసం

ఒక కార్మికుడు మొదటి రోజు 40 మీటర్లు రూ.2.50 చొప్పున, తరువాతి రెండు రోజులు 60, 50 మీటర్లు రూ.2.75 చొప్పున నేశాడు. పై పద్ధతిలో పట్టిక వేసి మొత్తం కనుక్కోండి. ధరను మార్చడం మరచి అన్నింటికీ రూ.2.50 వేస్తే అతనికి ఎంత తగ్గుతుంది?

జవాబు: మొత్తం రూ.402.50, తగ్గేది రూ.27.50.