బిడ్డను అప్పజెప్పే ముందు

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఉండేది జగిత్యాల దగ్గరి ఊళ్లో. భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటే ఇల్లు, పొలం, పిల్లల్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చే తల్లులు ఇక్కడ ఇంటికొకరు. వాళ్లు ఇప్పటికీ "సిస్టరమ్మా" అంటూ వస్తారు. ఒకప్పుడు జ్వరమనీ, కాన్పనీ వచ్చేవాళ్లు. ఈ మధ్య ఎక్కువగా అడిగేది ఒకటే: "పోరడు గంజాయికి మరిగిండు. ఫలానా సెంటర్ల వేస్తే మాన్పిస్తరట. పంపుదునా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. తెల్లారగట్ల వచ్చే బండికి తలుపు తీయొద్దు

ఒక తల్లి సంగతి. భర్త మస్కట్‌లో. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కొడుకు పైసల కోసం ఇంట్లోని గ్యాస్ సిలిండర్ కూడా అమ్మేశాడు. ఎవరో ఒక డీఅడిక్షన్ సెంటర్ నంబరిచ్చారు. ఫోన్‌లో అవతలివాళ్లు చెప్పిందిది: "పోరనికేం చెప్పకుండ్రి. తెల్లారగట్ల మావోళ్లు వచ్చి తీస్కపోతరు. మీరు తలుపు తీసి పెట్టుండ్రి, చాలు." ఆమె తీసి పెట్టింది. నలుగురు వచ్చారు. నిద్రలో ఉన్న పిల్లవాడి చేతులు తువ్వాలతో వెనక్కి కట్టి బండెక్కించారు. "అమ్మా, నువ్వే పిలిచినవా?" అని వాడు అరిచాడట.

మూడు నెలలు ఫోన్ ఇవ్వలేదు. "మీరు కలిస్తే మనసు కరుగుతది, ట్రీట్‌మెంట్ పాడైతది" అన్నారు. నెలనెలా డబ్బు మాత్రం పడాలి. వచ్చేనాటికి వాడి తల గుండు, తొడల మీద బెల్టు వాతలు. కొన్ని వారాలు గంజాయి ముట్టలేదు, తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. గదికి లోపల గడియ పెట్టుకునే పడుకుంటున్నాడు. రాత్రిపూట ఇంటి ముందు ఏ బండి ఆగినా వెనక గోడ దూకి చేలోకి పోతాడు. అసలైన డాక్టరు దగ్గరికి తీసుకుపోదామన్నా ఆ తల్లితో కలిసి బస్సెక్కడు. గంజాయి కంటే ఇప్పుడు ఈ చిక్కే పెద్దది.

ఆమె తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. సర్కారు దవాఖానలో ఏం దొరుకుతుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. సెంటర్ నంబరు మాత్రం కరెంటు స్తంభం మీదనే ఉంది.

2. తల్లిని గేటు బయట నిలబెట్టే చోట బిడ్డను ఉంచొద్దు

నేను చెప్పే మాటలన్నిట్లో ముఖ్యమైనది ఇది. నా సొంత అభిప్రాయం అనుకోకండి, చట్టమే చెబుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా మానసిక జబ్బు కిందికే వస్తాయి. కాబట్టి వాటికి వైద్యం చేస్తామని మనుషుల్ని ఉంచుకునే ప్రతి చోటూ ఆ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. పద్దెనిమిది నిండని పిల్లల గురించి 87వ సెక్షన్ ఉంది. ఇద్దరు సైకియాట్రిస్టులు గానీ, ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు మరొక డాక్టరు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు గానీ, ఎవరికి వారుగా పిల్లవాడిని చూడాలి. చేర్చుకునే రోజున, లేదా అంతకు ముందరి ఏడు రోజుల్లోపు చూసి ఉండాలి. బయట ఉంచి చేసే వైద్యం చాలదని తేలాలి. పెద్దవాళ్లతో కలపకుండా వేరే ఉంచాలి. చేర్చుకున్న 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. 30 రోజులు దాటితే బోర్డు తప్పనిసరిగా విచారించాలి.

వీటన్నిటికంటే నాకు విలువైన మాట ఆ సెక్షన్‌లోనే ఉంది: అమ్మగానీ నాయినగానీ, వాళ్లు పెట్టిన మనిషిగానీ, పిల్లవాడు ఉన్నన్నాళ్లూ పక్కనే ఉండాలి. ఆడపిల్లయితే ఆ మనిషి ఆడమనిషే అయి ఉండాలి. పిల్లల వార్డులో తల్లి మంచం పక్కన చాప వేసుకుని పడుకోవడం మనకు కొత్త కాదు. మత్తుకు అలవాటు పడ్డ పిల్లవాడికీ అదే పద్ధతి.

అందుకే సెంటర్‌కు ఫోన్ చేయగానే అడగండి: "నేను పక్కనుంటా, ఉండనిస్తరా?" కుదరదంటే అక్కడికక్కడే ఫోన్ పెట్టేయండి. ఫీజులు, భోజనం, యోగా గురించి అడగాల్సిన పని లేదు.

ఇదే చట్టం గొలుసులు వేయడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. బలవంతంగా గుండు కొట్టించకూడదు. ఒంటరి గదిలో బంధించకూడదు. చేతులు పట్టి ఆపడం కూడా వెంటనే జరగబోయే హానిని తప్పించడానికే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో, కాగితం మీద రాసి చేయాలి. శిక్షగా చేయడానికి వీల్లేదు, మనుషులు చాలరు గనక కట్టేశామనడానికి అసలే వీల్లేదు. ఈ నిబంధనల వెనక బూడిదైన ప్రాణాలున్నాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక కేంద్రానికి మంటలంటుకున్నాయి. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు లేచి పారిపోలేకపోయారు. 28 మంది పోయారు.

3. ఏ మత్తో తెలుసుకోకుండా మాన్పించొద్దు

తాళం వేసి, మందులేమీ ఇవ్వకుండా "కొన్ని రోజులు అల్లాడనీ, అదే పోతది" అనే సెంటర్లున్నాయి. గంజాయి ఒక్కటే అయితే ప్రాణం పోదు. నిద్ర పట్టదు, అన్నం సయించదు, ఊరికే కోపమొస్తుంది, చెమటలు పోస్తాయి. మొదటి వారం గట్టిగా ఉండి, రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటుంది. గంజాయిని మాన్పించడానికంటూ ఆమోదం పొందిన ప్రత్యేక మందేదీ ఇప్పటిదాకా లేదు, కాబట్టి ఇంజెక్షన్ల కోర్సు అని చెప్పి వేలకు వేలు అడిగేవాళ్లను గట్టిగా నిలదీయండి.

మన దిక్కున అసలు భయం మత్తు కల్లుతోటి. ఈత చెట్టు కల్లు వేరు. దుకాణంలో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి పోసేది వేరు. అవ్వలతో, తాతలతో పోయి రుచి మరిగిన పిల్లలున్నారు. 2015లో కల్తీ కల్లు మీద సర్కారు ఒక్కసారిగా విరుచుకుపడ్డప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో దవాఖానలు నిండిపోయాయి. కల్లు దొరక్క మూర్ఛలు వచ్చినవాళ్లు, లేనివి ఉన్నట్టు గాలిలో చేతులు ఆడించేవాళ్లు, నాలుక మందమై మాట రానివాళ్లు. అలాంటి మనిషి దగ్గర నిలబడితే మొదట కనిపించేది వేళ్లు: గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతాయి. తర్వాత పెదవుల పక్కన అదురు. ఆ దశలో డాక్టరు సరైన మోతాదులో అదే జాతి మందు ఇచ్చి, రోజులు, వారాల మీద మెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. ఇవ్వకుండా గదిలో వేసి తాళం పెడితే ఫిట్స్‌లో ప్రాణమే పోవచ్చు.

కాబట్టి పిల్లవాడితో పోట్లాటకు దిగేముందు అడగండి: ఏది, ఎన్నాళ్లుగా, రోజుకెంత? గంజాయితో పాటు గోలీలు మింగుతున్నాడా? కొట్టకుండా అడిగితే పిల్లలు చెబుతారు. డాక్టరుకు మొదట కావలసింది కూడా ఈ వివరమే.

4. తెలియకుండా కలపొద్దు

"అన్నంలో, చాయ్‌లో తెలియకుండా కలిపి ఇవ్వవచ్చు" అనే పొడుల పోస్టర్లు బస్టాండుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్నిట్లో ఉండేది డైసల్ఫిరాం. అది తెలియకుండా మింగి, పైన మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెకే ప్రమాదం. పెద్దవాళ్లకైనా చెప్పి, ఒప్పించి, డాక్టరు చూపులోనే ఇవ్వాల్సిన మందు అది. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు.

5. కొట్టి దారికి తెచ్చిన లెక్క ప్రపంచం ఎప్పుడో చూసేసింది

"మెత్తగా చెప్తే వినరు సిస్టరమ్మా, గట్టిగ పడాలె" అనేవాళ్లకు నేను అమెరికా సంగతి చెబుతాను. అక్కడ 1958లో కాలిఫోర్నియాలో సినానన్ అని ఒకటి మొదలైంది. అందరూ చుట్టూ కూర్చుని ఒకణ్ని గంటలకొద్దీ తిట్టి, విరగ్గొట్టి బాగుచేస్తామనేవాళ్లు. ఆ దారిలోనే 1970లో ఫ్లోరిడాలో పిల్లల కోసం 'ద సీడ్' వచ్చింది. 1974లో అమెరికా సెనేట్ ఉపసంఘం దాని పద్ధతుల్ని ఉత్తర కొరియాలో యుద్ధ ఖైదీల మెదళ్లు మార్చడానికి వాడిన పద్ధతులతో పోల్చింది. 1976లో 'స్ట్రెయిట్' అని మరొకటి పుట్టింది. తనను బంధించి ఉంచారని ఒక యువకుడు దావా వేస్తే, 1983లో జ్యూరీ అతనికి 2,20,000 డాలర్లు ఇప్పించింది. 1993 నాటికి అది మూతపడింది. 2012 మార్చిలో ఐక్యరాజ్యసమితికి చెందిన 12 సంస్థలు కలిసి, బలవంతపు మత్తు నిర్బంధ కేంద్రాలను మూసేయమని అన్ని దేశాలనూ కోరాయి.

అంత పెద్ద దేశంలో ఏళ్లకేళ్లు పిల్లల మీద చేసి, కోర్టులో ఓడిన పనిని మన దగ్గర ఇప్పుడు కొత్త వైద్యమని అమ్ముతున్నారు. ఇది నాకు మింగుడు పడదు.

6. పోరలందర్నీ ఒక్క హాల్లో వేయొద్దు

వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పదమూడేళ్ల పిల్లవాడు, ఇరవై ఏళ్లుగా తాగుతున్న నలభై ఏళ్ల మనిషి పక్కన పడుకుంటే ఏం నేర్చుకుంటాడు? కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. పీల్చే మత్తుల్లో పెద్దల కంటే పిల్లలే ముందున్నారని అది చెప్పింది: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. సాయం అవసరమైన పిల్లలు దేశంలో 4.6 లక్షల మంది. దారి తప్పిన పిల్లల్ని గుంపుగా కలిపి ఉంచితే ఒకరినొకరు మరింత చెడగొట్టుకుంటారని పరిశోధకులు 1999లోనే రాశారు. ఇంట్లో ఉంచి, అమ్మానాయినల్ని కూడా కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగే చాలామంది పిల్లలకు ముందుగా చేయాల్సిన వైద్యం.

7. ఇజ్జత్, కేసు: ఈ రెండు భయాలే సెంటర్ల పెట్టుబడి

ఊళ్లో తెలుస్తుందని, పోలీసులు పట్టుకుపోతారని తల్లిదండ్రులు సర్కారు దవాఖాన గడప తొక్కరు. దూరంగా, గుట్టుగా ఉంచుతామనే చోటికి పంపుతారు. గుట్టు ఎక్కువైన చోటే దెబ్బలు కూడా గుట్టుగా పడతాయి.

ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడినందుకో, చిన్న మొత్తంలో దగ్గర ఉన్నందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన దవాఖానలో చికిత్స పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చట్టం గట్టిగా పట్టుకోవాల్సింది అమ్మేవాళ్లను. బాలల న్యాయ చట్టం, 2015లోని 77, 78 సెక్షన్ల కింద పిల్లలకు మత్తు ఇచ్చినా, పిల్లలతో అమ్మించినా ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకయినా, ఉట్నూరు వైపు పత్తి, కంది సాళ్ల మధ్య పెరిగే మొక్కలయినా, పిల్లవాడి చేతికి చేర్చింది ఒక పెద్దమనిషే. ఆ సమాచారం ఇవ్వడానికి 1908 ఉంది.

8. బలవంతం తప్పని రోజూ ఒకటుంటుంది

అస్సలే వద్దని నేను అనను. పిల్లవాడు చనిపోతానని తాడు వెతుకుతున్నా, ఎవరో తనను చంపుతున్నారని కత్తి పట్టుకున్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేసి, వాడు ఒప్పుకోకపోయినా దవాఖానకు తీసుకుపోండి. అత్యవసర చికిత్సకు చట్టం 72 గంటల వెసులుబాటు ఇచ్చింది. ఆ బండిలో మీరూ కూర్చోండి. "నీకు బాగలేదు, దవాఖానకు పోతున్నం, నేను నీతోనే ఉంట" అని నిజం చెప్పండి. పెళ్లికనో, తాత ఇంటికనో అబద్ధం చెప్పి ఎక్కించొద్దు.

9. దూరం పోనక్కర్లేదు, బడి మాన్పించనక్కర్లేదు

నేను ఉద్యోగంలో చేరిననాడు మనసు జబ్బంటే ఎర్రగడ్డ, లేకుంటే వరంగల్ ఎంజీఎం. ఇప్పుడు ఆదిలాబాద్ రిమ్స్ 2008 నుంచి ఉంది. 2022లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి దవాఖానల్లో మానసిక వైద్యం ఓపీ ఎక్కడని అడగండి. ఇంట్లోంచి మాట్లాడాలంటే టెలీమానస్ 14416కి రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు అడగరు. మత్తు గురించే అయితే 14446. సెంటర్‌లో పిల్లవాడిని కొడుతున్నారని తెలిస్తే 1098.

హెడ్‌మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు ఒక మాట. గంజాయి పొట్లం దొరికిందని టీసీ చేతిలో పెట్టి పంపకండి. బడి పోయిన పిల్లవాడికి పొద్దున లేస్తే పోవడానికి మిగిలేది ఆ పొట్లం ఇచ్చినవాడి దగ్గరికే. పది రోజులు సెలవివ్వండి, దవాఖాన చీటీ తెమ్మనండి, తెస్తే క్లాసులో కూర్చోనివ్వండి.

తల్లులకు మరొకటి: ఒక్కసారి మాని మళ్లీ తాగితే అంతా అయిపోయిందని సెంటర్‌కు ఫోన్ చేయకండి. మళ్లీ తాగడం ఈ జబ్బులో ఉండేదే, బీపీ మాత్రలు మానేస్తే బీపీ పెరిగినట్టు. అదే డాక్టరు దగ్గరికి మళ్లీ పోండి. ఒంటరిగా పోవడానికి జంకితే నాకు చెప్పండి, నేనూ వస్తాను. ఓపీ పొద్దున్నే ఉంటుంది. పిల్లవాడికి ఇంత తిననిచ్చి తీసుకురండి.