పాత ఆట - కొత్త తెర

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా బాబాయి అటకమీంచి తన సెగా మెగా డ్రైవ్ దించాడు. కొత్త టీవీకి తగిలిస్తే బొమ్మంతా అలికేసినట్టు వచ్చింది. "దీని పని అయిపోయిందిరా, పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. ఫిజిక్సు విద్యార్థినై ఉండి ఊరుకోవడం ధర్మం కాదనిపించింది.

పరిశీలించగా తేలినదేమిటంటే, తప్పు యంత్రానిది కాదు, దారిది. 1988లో జపానులో విడుదలైన ఈ యంత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలను విడివిడిగానే అందించగలదు. మనం వాడే పసుపు పిన్ను తీగలో మాత్రం వెలుగూ రంగూ కలిసిపోతాయి. పాలూ నీళ్ళూ వేరుచెయ్యడానికి టీవీ ఏమన్నా హంసా?

రెండో చిక్కు గీతలది. ఆనాటి ఆటలు చాలావరకు సుమారు 240 గీతల బొమ్మను సెకనుకి 50 లేక 60 సార్లు పంపుతాయి. ప్రతిదీ పూర్తి బొమ్మే. కొత్త టీవీలు చాలావరకు వాటిని అరబొమ్మలనుకుని, రెండేసి కలిపి అతుకుతాయి. అంచులు చెదిరేది, మీట నొక్కాక ఆలస్యమయ్యేదీ అందుకే.

మరి ఉపాయం? యంత్రం వెనక సాకెట్టుకి ఆర్‌జీబీ కేబులు పెట్టాలి. మోడల్ 1కీ, మోడల్ 2కీ సాకెట్లు వేరు, చూసి కొనాలి. మధ్యలో ఓఎస్‌ఎస్‌సీ వంటి పరికరం ఉంచితే, అది ఒక్కొక్క గీతనే రెండు మూడుసార్లు తిరిగి గీసి హెచ్‌డీఎంఐలో పంపుతుంది. బొమ్మంతా దాచుకోదు గనుక ఆలస్యం దాదాపు ఉండదు. టీవీలో గేమ్ మోడ్ కూడా పెట్టాలి.

అలా చేశాక బాబాయి రెండు గంటలు కుర్చీ వదల్లేదు. సామాన్లవాడు ఖాళీ చేతులతో వెళ్ళాడు. మిత్రులారా, పాతదాన్ని పారేసేముందు, దాని మాట మన చెవిదాకా సరిగ్గా చేరుతోందో లేదో ఒకసారి చూద్దాం!